చెరో సగం నేల

మా బావకూ నాకూ ఆరేళ్ళుగా మాటల్లేవని తెలిసి కూడా, గ్యారేజీ నేలకు ఎపాక్సీ పూత వేసే పనిని మా అక్క ఇద్దరికీ కలిపి అప్పజెప్పింది. తప్పెవరిదని ఎవరైనా అడిగితే ముందు అక్కదంటాను, తర్వాత బావదంటాను. నా వంతు వచ్చేసరికి అడిగినవాళ్ళకు ఓపిక అయిపోతుంది.

మాటల్లేవంటే దూరదూరంగా ఉంటున్నామని కాదు. వాళ్ళు కింద ఉంటారు, నేను పై గదిలో. రెండు పూటలా ఒకే బల్ల దగ్గర తింటాం. ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో అక్క. "జగ్గు ఇటివ్వమని మీ తమ్ముడికి చెప్పు" అంటాడాయన, నాకు మూడడుగుల దూరంలో కూర్చుని. "జగ్గులో నీళ్ళు లేవని మీ ఆయనకు చెప్పక్కా" అంటాను నేను. అక్క అటూ ఇటూ చెప్తుంది. విన్న మాటే అయినా మళ్ళీ అక్క నోట వింటే తప్ప మాకు విన్నట్టు లెక్క కాదు. ఈ రాయబారాల మధ్య ఆవిడ కంచంలోది ఎప్పుడూ చల్లారిపోతుంది.

గొడవంతా ఒక బీరువాది. ఈ ఇంట్లోకి మారిన రోజున మా అమ్మ వాడిన బీరువాను, నిలువుటద్దం ఉన్నదాన్ని, నేనొక కొస, ఆయనొక కొస పట్టుకుని మెట్లెక్కించాం. మలుపు దగ్గర అది కింద పడింది. అద్దం ముక్కలైంది. కింది మెట్టు మీద నిలబడి చూస్తున్న అక్క వెళ్ళి చీపురు తెచ్చుకుంది. ఆయన వదిలేశాడని నేనన్నాను, నేను వదిలేశానని ఆయనన్నాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరి కుందేళ్ళకూ మూడే కాళ్ళు.

అప్పట్నుంచి ఇంట్లో ఏ పనైనా చెరో సగమే. మెట్లు తుడవాలంటే పై ఆరూ నావి, కింది ఆరూ ఆయనవి. కిటికీ అద్దానికి లోపలి వైపు ఆయన, బయటి వైపు నేను. మరక ఏ వైపుదో తేలక అది అలాగే ఉండిపోతుంది.

అక్క ఒక పెద్ద బేకరీ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు ఇతరుల కేకులకు క్రీము పూసింది. ఇక తన కేకులు తనే చేసుకోవాలని గ్యారేజీని బేకరీ గదిగా మార్చడం మొదలుపెట్టింది. గోడలకు పలకలు అతికించింది, కుళాయిలు పెట్టించింది. లైసెన్సు ఇచ్చే తనిఖీ అధికారి ఒకసారి వచ్చి అన్నీ బాగున్నాయని చెప్పి, నేల దగ్గరికి వచ్చేసరికి పెదవి విరిచాడు. పగుళ్ళుండకూడదన్నాడు, నీళ్ళు ఇంకకూడదన్నాడు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అతుకన్నది లేకుండా ఒకే పొర ఉండాలన్నాడు. మళ్ళీ సోమవారం పొద్దున పదింటికి వస్తానన్నాడు. అప్పటికీ కాకపోతే దరఖాస్తు మొదటి నుంచి పెట్టుకోవాలి, ఇంకో తేదీ దొరికేసరికి ఏడాది. అక్క అప్పటికే రాజీనామా ఇచ్చేసింది. శనివారం ఆవిడకు ఆఖరి రోజు, పొద్దున్నే వెళ్ళి యూనిఫామూ లాకరు తాళంచెవీ అప్పగించి రావాలి. అంటే ఆ నేల మీద వెయ్యబోయేది ఉత్త రంగు కాదు, అక్క బతుకు.

పూత వేసే పనివాళ్ళు నెల దాకా ఖాళీ లేరన్నారు. "మనమే వేసుకుందాం, కిట్టు దొరుకుతుంది" అంది అక్క. షాపులో ఉన్న చివరి కిట్టు అదే. వారమంతా నేలను సిద్ధం చేశాం, అదీ చెరో సగమే. నూనె మరకలు రుద్దాం, యాసిడ్ నీళ్ళతో కడిగాం, పగుళ్ళలో పుట్టీ నింపాం, రెండు రోజులు ఆరబెట్టాం. ఇద్దరి మధ్యా సుద్దముక్కతో గీత ఒకటి ఉండేది. ఎవరు గీశారో అడగొద్దు.

శనివారం బయల్దేరబోతూ అక్క గడపలో నిలబడి కిట్టుతో వచ్చిన కాగితం పైకి చదివింది. రెండు డబ్బాల్లోదీ కలిపాక నలభై నిమిషాలే గడువు, ఆ తర్వాత బకెట్‌లోనే గట్టిపడిపోతుంది. అంతా తడిగా ఉన్నప్పుడే పూర్తి చెయ్యాలి, ఒక పక్క ఆరాక ఇంకో పక్క వేస్తే అతుకు కనపడుతుంది. దూరంగా ఉన్న చివర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, బయటికెళ్ళే తలుపు దగ్గర ముగించాలి.

"అర్థమైందా ఇద్దరికీ?" అంది.

"అర్థమైందని చెప్పు" అన్నాడు బావ.

"నాకు నిన్ననే అర్థమైందని చెప్పక్కా" అన్నాను.

"చెరో సగం చెయ్యండి. నలభై నిమిషాలంటే నలభై నిమిషాలు మనుషుల్లా ఉండండి, చాలు."

కిట్టులో మేకుల చెప్పులు ఒక జత వచ్చాయి. అడుగున పొడుగాటి ఇనుప మేకులుంటాయి, పని బూట్ల మీద పట్టీలతో బిగించుకోవాలి. అవి వేసుకుంటే తడి పూత మీద నడిచినా అడుగు పడదు, మేకులు గుచ్చిన చోటు దానంతటదే పూడుకుపోతుంది. వాటి కోసం ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం. ఆయనకు ఎడమది దొరికింది, నాకు కుడిది. రెండోది కావాలంటే అడగాలి, అడగాలంటే మాట్లాడాలి. నాది నా నడుముకు కట్టుకున్నాను, ఆయనది ఆయన కట్టుకున్నాడు. అక్క ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచి, వెళ్ళిపోయింది.

నా పని గురించి ఒక మాట చెప్పాలి. దుకాణాల్లో, గోదాముల్లో కాటాలు నిజం చెప్తున్నాయో లేదో సరిచూసేవాణ్ణి నేను. అందుకని కలపడం నా వంతుకొచ్చింది. షట్టర్ బయట నిలబడి రెండు డబ్బాలూ తూచి, పెద్ద బకెట్‌లో పోసి, డ్రిల్లుకు తెడ్డు తగిలించి మూడు నిమిషాలు తిప్పాను. దాన్ని రెండు బకెట్లలోకి సమానంగా పంచాను. ఆయన బకెట్‌లో రెండు గ్రాములు తక్కువ పోశాను, అది వేరే సంగతి.

మా బావ డ్రైవింగ్ నేర్పుతాడు. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ తప్పులకు బ్రేకు వేస్తున్నాడు. తను తప్పు చేస్తే ఏ కాలితో బ్రేకు వెయ్యాలో ఆయనకెవరూ నేర్పినట్టు లేదు.

గ్యారేజీకి రెండు దారులు, వీధి వైపు షట్టర్, ఇంటి వైపు వంటింటి తలుపు. నా ఉద్దేశంలో పని ముగిస్తే మనిషి ఇంట్లోకి పోవాలి. నా మామూలు చెప్పులు పొద్దున్నే వంటింటి తలుపు అవతల పెట్టుకున్నాను. కాబట్టి షట్టర్ దగ్గర, వీధికి ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. బావ ఉద్దేశంలో పని ముగిస్తే మనిషి రోడ్డెక్కాలి. ఆయన చెప్పులు షట్టర్ బయట ఉన్నాయి. కాబట్టి బకెట్ పట్టుకుని గ్యారేజీ దాటి వెళ్ళి, వంటింటి తలుపుకు ఎదురుగా నిలబడి ఆయన మొదలుపెట్టాడు. కాగితంలో రాసింది ఇద్దరం అక్షరం పొల్లుపోకుండా పాటించాం.

చెప్తే సిగ్గుచేటు గాని, నాకు చాలా హాయిగా ఉంది. గోడ వారన బ్రష్షు, మిగతా అంతా రోలరు, ఒక బార ముందుకి, ఒక బార వెనక్కి, ఒక అడుగు వెనక్కి. బూడిద రంగు పూత పరుచుకున్న చోటల్లా నేల తళతళలాడుతోంది. పైగా ఆయన మొహం చూడాల్సిన పని లేదు, ఎవరి వీపు వాళ్ళకు అండ. పక్కన మనిషి లేనట్టే పని చేసుకోవడం ఎంత సుఖమో అనుకుంటూ ఇంకో అడుగు వెనక్కి వేశాను.

ఇరవై ఏడో నిమిషంలో నా వీపుకు మెత్తగా ఏదో తగిలింది. అది బావ వీపు.

ఇద్దరం తిరగలేదు. తల మాత్రం తిప్పి చూశాను. నా ముందు షట్టర్ దాకా తడి, ఆయన ముందు వంటింటి తలుపు దాకా తడి. గోడల వారన కూడా ఇద్దరం శుభ్రంగా పూసేశాం. మా కాళ్ళ కింద ఒక మంచం పట్టేంత జాగా పొడిగా మిగిలింది, దాని మీద రెండు బకెట్లు, రెండు రోలర్లు, ఇద్దరు వెధవలు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. కాకపోతే వాళ్ళు నుయ్యీ గొయ్యీ తామే తవ్వుకున్నట్టు చెప్పలేదు.

నిమిషం గడిచింది. నోరు విప్పితే ఓడినట్టే కాబట్టి ఇద్దరం విప్పలేదు. అంతలో షట్టర్ బయట మోటారుసైకిలు ఆగింది. పార్సిళ్ళు తెచ్చే మనిషి అట్టపెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు.

"కేకు అచ్చులండీ. సంతకం కావాలి."

"లోపలికి రాకు" అన్నాం ఇద్దరం ఒకే గొంతుతో. ఆరేళ్ళలో మేం కలిసి చేసిన మొదటి పని అది.

అతను గడప దగ్గరే ఆగిపోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మధ్యమనిషి దొరికాడు.

"బాబూ, నా వెనకాల ఒకాయన ఉన్నాడు చూడు. అటు నుంచి ఎందుకు మొదలుపెట్టాడో కాస్త అడుగు" అన్నాను.

అతను నన్ను చూశాడు, నా వీపుకు ఆనుకుని నిలబడ్డ బావను చూశాడు. "ఆయనకు చెవుడా అండీ?"

"లేదు."

"మరి మీరే అడగొచ్చుగా."

"నువ్వు అడుగు."

పాపం, అడిగాడు. బావ వంటింటి తలుపు వైపే చూస్తూ జవాబు చెప్పాడు. "షట్టర్ నుంచి బయటికి పోవాలి కాబట్టి అని చెప్పవయ్యా. ఆయన అటు నుంచి ఎందుకు మొదలుపెట్టాడో కూడా కనుక్కో."

"షట్టర్ నుంచి పోవాలంట. మీరెందుకు ఇటు నుంచి మొదలుపెట్టారంట."

"వంటింటి తలుపు నుంచి పోవాలి కాబట్టి అని చెప్పు."

"వంటింట్లోంచి పోవాలంటండీ."

"ఆయన ముందే చెప్పి ఏడవొచ్చుగా అని అడుగు" అన్నాడు బావ.

"ఎవరితో చెప్పి ఏడవాలి, బకెట్‌తోనా అని అడుగు" అన్నాను.

పార్సిలతను అడగలేదు. పెట్టె షట్టర్ బయట గోడ వారన పెట్టి, సంతకం తనే గీసుకున్నాడు. "నాకింకా పదకొండు ఇళ్ళున్నాయండీ. మీ ఇంట్లో ఈ పని రోజూ ఎవరు చేస్తారో వాళ్ళను పిలుచుకోండి" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. బావకూ తగిలినట్టుంది, ఎందుకంటే ఆయన వీపు కొంచెం వంగింది. ఈపాటికి అక్క లాకరు తాళంచెవి తీసి వాళ్ళ చేతిలో పెట్టేసి ఇంటిదారి పట్టి ఉంటుంది. ఇక్కడ ఆవిడ నేల మధ్యలో మంచమంత బొక్క పెట్టుకుని మేం నిలబడి ఉన్నాం. వాచీ చూశాను. ముప్పై ఒకటి.

బకెట్ అడుగుకు చెయ్యి ఆనించి చూస్తే గోరువెచ్చగా ఉంది. వేడెక్కుతోందంటే గట్టిపడబోతోందన్నమాట.

"తొమ్మిది నిమిషాలుంది" అన్నాను బకెట్‌తో.

"అడుగు వేస్తే అచ్చు పడుతుంది" అన్నాడు బావ తన రోలరుతో.

"వెయ్యకపోతే ఈ జాగా మిగిలిపోతుంది."

"మేకుల చెప్పు ఒకటి నా దగ్గరుంది" అన్నాడు రోలరుతో.

"ఒకటి నా దగ్గరుంది" అన్నాను బకెట్‌తో.

బకెట్టూ రోలరూ అంతకు మించి ముందుకు పోలేకపోయాయి. ఒంటి చెప్పుతో పదడుగులు గెంతడం నావల్ల కాదు, ఆయనవల్ల అసలే కాదు. జత వేసుకుని ఒకడు బయటపడి, వెనక్కి విసిరితే రెండోవాడు వేసుకోవచ్చు. కానీ విసిరిన వస్తువును పట్టుకోవాలి కదా. పట్టు విషయంలో మా ఇద్దరికీ మంచి పేరు లేదు.

మిగిలింది ఒక్కటే దారి. అది నాకు తెలుసు, చెప్పడానికి నోరు రావడం లేదు. చాలా కాలం వాడని కుళాయి తిప్పితే ముందు గాలి వచ్చినట్టు, నా గొంతులోంచి మొదట గాలే వచ్చింది.

"బావా" అన్నాను.

ఆయన తిరిగాడు. నేనూ తిరిగాను. అంత దగ్గర్నుంచి ఆయన మొహం చూసి ఎన్నాళ్ళయిందో. మీసం సగానికి పైగా నెరిసిపోయింది. రోజూ రెండు పూటలా ఆయనకు ఎదురుగా కూర్చుని తింటున్నాను, ఇది నేనెప్పుడూ చూడలేదు. నాకు బాధేసింది, ఆ బాధకు కోపమూ వచ్చింది.

"నా వీపెక్కు" అన్నాను.

"ఏంటీ?"

"రెండు చెప్పులూ నేను వేసుకుంటా. నిన్ను మోసుకుంటూ వంటింటి వైపు వెనక్కి నడుస్తా. మిగిలిన పూత ఈ జాగాలో పోసి, నా భుజం మీంచి నువ్వు రోలరు తిప్పుకుంటూ రా. నీ చేతులు పొడుగు."

"నువ్వే నా మీద ఎక్కొచ్చుగా. నీ బరువెంత."

"నీ మోకాలికి ఆపరేషన్ అయింది కదా."

"నీకెవరు చెప్పారు?"

"అక్క. అన్నం దగ్గర కాదులే, విడిగా. నేనే అడిగా."

ఆయన ఒక క్షణం నేల చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "ఎక్కను. నువ్వు వదిలేస్తావు."

"వదలను."

"బీరువా రోజు కూడా ఇదే మాటన్నావు."

"బావా, టైము లేదు."

"టైము ఎంతైనా ఉండనీ. ముందు నిజం చెప్పు. ఎవరు వదిలారు? చెప్తే ఎక్కుతా, లేకపోతే ఇద్దరం ఇక్కడే గట్టిపడిపోదాం."

ఏడు నిమిషాలు. అబద్ధం చెప్పే కాటా కనపడితే నేను దానికి సీలు వేసి మూలన పెట్టిస్తాను. పది గ్రాములు అటూ ఇటూ చూపిస్తే చాలు, కొట్టువాడు కాళ్ళావేళ్ళా పడ్డా వినను. నాకు మాత్రం ఆరేళ్ళుగా ఎవరూ సీలు వెయ్యలేదు.

"నేనే వదిలాను" అన్నాను. "చేతులు చెమట పట్టాయి. పట్టు మార్చుకుందామని ఒక్క క్షణం వదిలా. నువ్వు పట్టుకుంటావులే అనుకున్నా."

ఆయన గెలిచినట్టు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నడుముకు కట్టుకున్న ఎడమ చెప్పు విప్పి నా చేతిలో పెట్టాడు. "పట్టీ గట్టిగా బిగించు" అన్నాడు.

బిగించాను. నా బకెట్‌లో మిగిలింది ఆయన బకెట్‌లోకి వంపి, నా రోలరునూ ఖాళీ బకెట్‌నూ గిరాటు వేస్తే షట్టర్ బయట పడ్డాయి. వంటింటి వైపు తడిలోకి ఒక కాలు, తర్వాత ఇంకో కాలు పెట్టి, మేకుల మీద నిలదొక్కుకుని వీపు వంచాను. ఆయన తన బకెట్ మోచేతికి తగిలించుకుని, రోలరు కర్ర చేత్తో పట్టుకుని ఎక్కాడు. మేకుల మీదే మెల్లగా పొడి జాగా వైపు తిరిగాను. నా వెన్నులో ప్రతి పూసా తన ఉనికి తెలియజేసింది.

"తొంభై నాలుగు" అన్నాను, ఊపిరి అందాక.

"ఎనభై ఆరు."

"మీ ఇంట్లో కాటా తప్పు."

"మన ఇంట్లో" అన్నాడు బావ.

ఆయన బకెట్ వంచి మిగిలినదంతా పొడి జాగా మీద గుమ్మరించి, నా భుజం మీంచి కర్ర చాపి పరచడం మొదలుపెట్టాడు. కర్ర చాపినప్పుడల్లా తొంభై నాలుగు కిలోలూ ముందుకొచ్చేవి, లాగినప్పుడల్లా వెనక్కి పోయేవి. వెనకాల ఏముందో నాకు కనపడదు. ఆయన మెడ తిప్పి చూసి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేస్తున్న పనే అది.

"రివర్సు. మెల్లగా. ఎడమకు కొంచెం. అంత కాదు. ఆపు. ఆపమంటే ఆపాలి."

"ఆపాను."

"క్లచ్చు ఒక్కసారి వదిలెయ్యకు."

"నాకు క్లచ్చు లేదు బావా."

"అందరూ మొదట్లో అదే అంటారు. ఊఁ, రా."

ఒక అడుగు, ఒక బార. ఒక అడుగు, ఒక బార. మేకులు తడిలోంచి చప్పరించినట్టు శబ్దం చేస్తూ లేస్తున్నాయి. పొడి జాగా చాపంత అయింది, పీటంత అయింది, మాయమైంది. నేను నిలబడి ఉన్న చోటు తప్ప నేలంతా ఒకే రంగు. ముప్పై ఆరు. కళ్ళలోకి చెమట కారుతోంది. చేతులు కూడా చెమట పట్టాయి. ఆయన తొడల కింద నా వేళ్ళు జారుతున్నాయి. పట్టు మార్చుకుందామనిపించింది. మార్చుకోలేదు.

సరిగ్గా సగం దారిలో, నా చెవి పక్కన, చాలా చిన్న గొంతుతో బావ అన్నాడు. "నేనూ వదిలాను."

"ఏంటీ?"

"బీరువా. నువ్వు వదలకముందే వదిలాననుకుంటా. మోకాలు కలుక్కుమంది. నువ్వున్నావులే అనుకున్నా."

నేను ఆగిపోయాను. ఆరేళ్ళు. ఆరేళ్ళు నేను రాత్రీ పగలూ లోపల దాచుకుని కుళ్ళిన తప్పులో సగం ఈయనదా. ఇప్పుడే నా చేత కక్కించి, ఎక్కి కూర్చున్నాడా.

"ఇది ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడైతే నువ్వు దించలేవు కదా" అన్నాడు.

నిజమే. ఈ భూమ్మీద నేను ఆయన్ని దించలేని చోటు అదొక్కటే. దాన్ని వెతికి పట్టుకుని మరీ చెప్పాడు. నాకు అరవాలనిపించింది, కానీ అరిస్తే ఊపిరి పోతుంది, ఊపిరి పోతే ఇద్దరం పోతాం, అక్క నేల పోతుంది. పళ్ళు బిగించి ఇంకో అడుగు వేశాను. అప్పుడు వీపు మీద ఆయన కదులుతున్నట్టు అనిపించింది. నవ్వుతున్నాడు. ఎంత ఆపుకుందామనుకున్నా నాకూ వచ్చేసింది. నవ్వితే తొంభై నాలుగు కిలోలు నూట పది అవుతాయి, ఈ విషయం మా వృత్తి పుస్తకాల్లో లేదు.

"గడప ఉంది. కాలెత్తు" అంది వెనక నుంచి ఒక గొంతు.

అది బావ గొంతు కాదు. కాలెత్తాను. ఇంకో కాలెత్తాను. బావ నా భుజం మీంచి వంగి, గడప ముందు మిగిలిన చివరి బారెడు సరిచేసి కర్ర వెనక్కి లాక్కున్నాడు. ఆ తర్వాత ఇద్దరం వంటింట్లో ధబీమని కూలబడ్డాం. తలుపు రెక్క పట్టుకుని అక్క నిలబడి ఉంది, భుజాన సంచీ ఇంకా దించలేదు. వాచీ చూశాను. ముప్పై తొమ్మిది.

గ్యారేజీ నేల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే నీటి పొరలా మెరుస్తోంది. నా మేకుల గుర్తులు మా కళ్ళముందే ఒక్కొక్కటీ పూడుకుపోతున్నాయి. అక్క వాటిని చివరిది దాకా చూసింది.

"ఎప్పుడొచ్చావక్కా?" అన్నాను.

"'నేనూ వదిలాను' దగ్గర."

బావ గొంతు సవరించుకున్నాడు.

"అంటే ఇద్దరూ వదిలారు" అంది అక్క. "మరి ఈ ఆరేళ్ళూ పట్టుకుని నిలబడింది నేనొక్కదాన్నే."

కోపంగా అనలేదు. సంచీ దించి, కుర్చీలో కూర్చుని ఏడ్చింది. అమ్మ అద్దం పగిలిన రోజున కూడా ఆవిడ ఏడవలేదు. ఇద్దరం ఒకేసారి మంచినీళ్ళ కోసం లేచాం. ఆయన గ్లాసు తెచ్చాడు, నేను జగ్గు తెచ్చాను. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే గ్లాసు నిండింది.

సోమవారం పదింటికి తనిఖీ అధికారి వచ్చాడు. చెంబుడు నీళ్ళు నేల మీద పోసి అవి ఎటు పోతాయో చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి వెతికాడు. సరిగ్గా గది మధ్యలో, మేం ఇరుక్కున్న చోట, వేలితో రాసి చూశాడు. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్నట్టు ఆయనకు తెలిసి ఉండదు.

"అతుకు ఎక్కడా లేదు" అన్నాడు అధికారి లేచి. "ఎవరు వేశారు? నలుగురైదుగురు పట్టి ఉంటారే."

"ఇద్దరేనండీ" అంది అక్క. "ఒకళ్ళ మీద ఒకళ్ళు."

ఆయనకు అర్థం కాలేదు, అయినా ముద్ర వేశాడు.

ఆ పూట భోజనం దగ్గర బావకూ నాకూ పెద్ద వాదన. షట్టర్ వైపు సగం నునుపుగా వచ్చిందని నేను, వంటింటి వైపు సగమే వచ్చిందని ఆయన. తన బకెట్‌లో రెండు గ్రాములు తక్కువైందని ఆయనకు ఎలా తెలిసిందో గాని, అదీ ఎత్తాడు. ఆరేళ్ళ మాటలు పోగుపడి ఉన్నాయి కదా, ఇద్దరం ఎంగిలి చేతులు ఊపుకుంటూ నేరుగా ఒకరి మొహాన ఒకరం అరుచుకుంటున్నాం. మధ్యలో అక్కకు చెప్పాల్సిన మాట ఒక్కటీ లేదు. ఆవిడ కంచంలో వడ్డించుకుంది, ఆవిర్లు వస్తుండగానే కలుపుకుంది, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది.

"కూరలో ఉప్పు ఎక్కువైందేంటి?" అంది.

మా వాదన ఆగిపోయింది.

"ఇవాళేనా, రోజూ ఇలాగే వేస్తున్నానా?"

బావ నన్ను చూశాడు, నేను బావను చూశాను.

"నువ్వు చెప్తావులే అనుకున్నా" అన్నాడాయన నాతో.

"నువ్వు చెప్తావులే అని నేననుకున్నా" అన్నాను.

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. జగ్గు తనే దగ్గరికి లాక్కుని ఒక గుటక నీళ్ళు తాగి, మళ్ళీ తినడం మొదలుపెట్టింది. కంచంలోది ఇంకా వేడిగానే ఉంది.